మా వీధి కబుర్లు: అయిదు మీటర్ల రిబ్బను

సాయంత్రం అయిదయ్యేసరికి మల్లేశ్వరంలో మా మేడమీద వడియాల గుడ్డలు మడిచేస్తారు. పక్కవాటా వారి పద్నాలుగేళ్ల అమ్మాయి రిబ్బనుతో సాధన చేసుకోవాలి మరి!

రిథమిక్ జిమ్నాస్టిక్స్ అంటే సర్కసు కాదండోయ్. పదమూడు మీటర్ల చదరంలో, ఒకటిన్నర నిమిషంలోపు, సంగీతానికి తగ్గట్టుగా వలయం, బంతి, క్లబ్బులు, రిబ్బను ఆడించాలి. ఒక్కోదానికి ఒక్కో ప్రదర్శన. రిబ్బను చిన్నవాళ్లకు 5 మీటర్లు, పెద్దవాళ్లకు 6. ముడిపడితే మార్కులు పోతాయి. 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న ఆట ఇది. మన హైదరాబాదు అమ్మాయి గుండ్లపల్లి మేఘనారెడ్డి 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో దేశం తరఫున ఆడింది. మా మేడమీది అమ్మాయికి ఆమే ఆదర్శం.

మొన్న ఆదివారం వాళ్ల నాన్నగారు వచ్చారు. "అన్నగారూ, వచ్చే ఏడు పదో తరగతి. ఇది మాన్పించేద్దామనుకుంటున్నాను. ఖర్చే గాని రాబడి లేదు. లెక్కలు తెలిసినవారు, మీరు చెప్పండి" అన్నారు.

బి.కాం. బుర్ర కదా, నేనూ కాగితం తీశాను. కోచింగు, దుస్తులు, ప్రయాణాలు అని ఒకవైపు రాశాను. రెండోవైపు ఏం రాయాలో తోచలేదు. అప్పుడు బుద్దా అరుణారెడ్డి గుర్తుకొచ్చింది.

ఆ అమ్మాయిదీ హైదరాబాదే. ఆమెది రిబ్బను ఆట కాదు, పరుగెత్తుకొచ్చి వాల్ట్ మీదుగా గాలిలోకి ఎగిరే జిమ్నాస్టిక్స్. చిన్నప్పుడు కరాటే నేర్చుకుంటుంటే, ఒంటి వాటం చూసి జిమ్నాస్టిక్స్‌లో పెట్టింది తండ్రి నారాయణరెడ్డిగారు. ఆయన 2010లో పోయారు. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో అరుణ 13.649 పాయింట్లతో కాంస్యం గెలిచింది. రజతానికి 13.699. తేడా పాయింటులో ఇరవయ్యో వంతు! ప్రపంచకప్‌లో మనదేశానికి వచ్చిన తొలి వ్యక్తిగత పతకం అది. దాన్ని తండ్రికే అంకితమిచ్చింది. 2019లో మోకాలు దెబ్బతిన్నా, 2021లో కైరోలో రెండు స్వర్ణాలు గెలిచింది.

పెట్టుబడి పెట్టినాయన రాబడి చూడనేలేదు. మా బ్యాంకు భాషలో అది మొండిబాకీ. కాని ఏ తండ్రయినా దాన్ని అలా రాసుకోగలడా?

కాగితం మడిచేసి, "మీ అమ్మాయి ఆట మీరెప్పుడైనా చూశారా?" అని అడిగాను. ఆఫీసునుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుందట. ఒక్కసారీ చూడలేదు.

ఆ సాయంత్రమే ఇద్దరం మేడెక్కాం. నాన్నను చూసిన కంగారులో పిల్ల రిబ్బను ముడిపడింది. ఏడవలేదు, విసుక్కోలేదు. ఓపిగ్గా ముడి విప్పుకుని మొదటినుంచి ఎత్తుకుంది. ఆయన చివరిదాకా నిలబడే చూశారు. దిగేటప్పుడు మెట్లమీద, "ఆరు మీటర్లది ఎంతవుతుందో కనుక్కోవాలి" అన్నారు.

పదో తరగతి ఎలాగూ వస్తుంది, పోతుంది. ఈలోగా మీ పిల్లల ఆట మీరూ ఒకసారి వెళ్లి చూడండి. లెక్కలు ఆ తర్వాత వేసుకుందాం. ఏమంటారు?