కుక్క కాటుకి పసుపు కాదు, ముందు సబ్బు నీళ్లు



జీవామృతం, నీమాస్త్రం, కషాయాలు అన్నీ మనం ఇంట్లోనే చేసుకుంటాం. దాంతో ప్రతిదానికీ మందు మన పొలం గట్టు మీదే ఉందనే నమ్మకం వచ్చేసింది. నెత్తురు వచ్చేలా కుక్క కరిస్తే మాత్రం ఆ నమ్మకం ప్రాణం తీస్తుందని నా అభిప్రాయం.

పోయిన వేసవిలో మా పొలంలో పనిచేసే అబ్బాయిని వీధికుక్క పిక్క పట్టుకుంది. నేను వెళ్లేసరికి ఒకరు గాయం మీద పసుపు, సున్నం మెత్తుతున్నారు. ఇంకొకరు జిల్లేడు పాల కోసం పరిగెత్తారు. వెంటనే మోటారు వేయించి, పైపు కింద కాలు పెట్టించాను. పసుపంతా పోయేలా బట్టల సబ్బుతో పావుగంట కడిగాం. మంట అని గోల పెట్టినా ఆపలేదు.

సబ్బే ఎందుకంటే, రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. జిడ్డు గిన్నె సబ్బుకి వదిలినట్టే ఆ పొర సబ్బుకి కరుగుతుంది. పసుపు, కారం, పసర్లు ఆ పని చెయ్యవు, పైగా గాయాన్ని రేపుతాయి. కడిగాక కూడా నెత్తురు ఆగకపోతే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. ధారగా పోతుంటే ముందే అదిమి పట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాటు పైన తాడు కట్టొద్దు.

కడగడంతో పని అయిపోలేదు. నెత్తురు వచ్చిందంటే అది మూడో రకం కాటు. టీకాతో పాటు గాయంలోనూ, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. ఇది అన్ని చోట్లా ఉండదు, లేదంటే పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే. టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి. బొడ్డు చుట్టూ 14 సూదులనే భయం పాతకాలపుది. ఇప్పుడు టీకా చేతికే వేస్తారు. సర్కారు ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులకి వేస్తారు. ఒక్కటీ మానొద్దు. "కుక్కని పది రోజులు చూద్దాంలే" అని కూర్చోవద్దు. కుక్కని గమనిస్తూనే, టీకా ఆ రోజే మొదలుపెట్టాలి.

ఆవుని కరిచినా అంతే. చేతులకి గ్లౌజులు వేసుకుని కడిగి, అదే రోజు పశువుల డాక్టరుకి చూపించండి. పశువులకీ కాటు తర్వాత వేసే టీకాలున్నాయి. ఆవు చొంగ కారుస్తూ మేత మింగలేకపోతుంటే గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టకండి. అది రేబిస్ కూడా కావచ్చు.

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ఆసుపత్రికి వెళ్తే ప్రకృతి వ్యవసాయానికి చిన్నతనం ఏమీ లేదు. ఈరోజే పంపు దగ్గర ఒక సబ్బుబిళ్ల పెట్టండి. పక్క పొలం రైతుకీ చెప్పండి.