‘కొడుతున్నాడా?’ అన్న ఒక్క ప్రశ్న చాలదు

మా సహాయ కేంద్రంలో ఒక రిజిస్టరు ఉంది. బాధలు చెప్పుకోవడానికి వచ్చిన స్త్రీ పేరు, ఊరు, పెళ్లయిన సంవత్సరం రాసుకున్నాక మేం అడిగే మొదటి ప్రశ్న, ‘కొడుతున్నాడా?’ రాజీ కుదిరి ఆమె ఇంటికి వెళ్లిన కొన్ని నెలలకు మేం వెళ్లి పలకరించినప్పుడు కూడా అదే ప్రశ్న. ‘లేదు’ అంటే ‘పరిష్కారమైంది’ అని రాసి ఫైలు మూసేస్తాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే రాశాను. ఒకసారి అలా రాసి లేవబోతుంటే ఒకామె అంది: ‘‘కొట్టుడు బంద్ జేసిండక్కా. గని నన్ను నోరు తెరవనిస్తలేడు.’’ ఆ మాట రాయడానికి మా రిజిస్టరులో గడి లేదు.

ఆమె మాట ఎంత లోతైనదో నాకు బోధపరిచింది ఒక ఉర్దూ కథ. నాకు ఉర్దూ లిపి రాదు. ఈ కథలన్నీ హిందీ, ఇంగ్లీషు అనువాదాల్లో చదువుకున్నవే. రాజిందర్ సింగ్ బేదీ రాసిన ‘లాజవంతి’, దేశ విభజన రోజుల్లో అపహరణకు గురై తిరిగివచ్చిన ఒక స్త్రీ కథ. అలాంటి స్త్రీలను వెతికి అప్పగించడానికి 1949లో ప్రభుత్వం ప్రత్యేక చట్టమే చేసింది. ఆ చట్టంలో స్త్రీ ఇష్టాయిష్టాలకు చోటు లేదు. తీరా తిరిగివచ్చాక వాళ్లలో ఎందరినో సొంత ఇళ్లే గడప తొక్కనివ్వలేదు.

కథలో భర్త సుందర్‌లాల్ అలాంటివాడు కాదు. తిరిగివచ్చిన స్త్రీలకు మనసుల్లో చోటివ్వమని వీధివీధికీ తిరిగి చెప్పే కమిటీ కార్యకర్త. అంటే మనలాంటివాడే. ఒకప్పుడు భార్యను చావబాదినవాడు, ఆమె తిరిగివచ్చాక ఇక చెయ్యెత్తడు. ‘దేవీ’ అని పిలుస్తాడు. ఆమెను అతను అడిగే ప్రశ్నల్లో ఒకటి, ఆ మనిషి నిన్ను కొట్టేవాడా అని. అచ్చంగా మన రిజిస్టరు ప్రశ్నే! లేదంటుంది లాజో. అక్కడితో అతనికి చాలు. మిగిలినదంతా ఆమె చెప్పబోతే, గడిచిందేదో గడిచింది, మరిచిపోదాం అంటాడు. ఆమె అనుభవించినదంతా ఆమెలోనే ఉండిపోతుంది.

ఈ కథను కొందరు తప్పుగా చదువుతారు. ఆమె పాత దెబ్బలనే కోరుకుంటోందని అంటారు. నేను అలా అనుకోను. ఆమె కోరేది తనను మనిషిగా చూడమని. కొట్టే చెయ్యి ఆగినా, ఏది మాట్లాడాలో ఏది మాట్లాడకూడదో నిర్ణయించే అధికారం మాత్రం భర్త దగ్గరే ఉంది. పూజలో కూడా పెత్తనం ఉంటుందని బేదీ చూపించాడు.

ఇస్మత్ చుగ్తాయ్ అనగానే అందరికీ 1942 నాటి ‘లిహాఫ్’, దాని మీద లాహోర్‌లో నడిచిన అశ్లీలత కేసు గుర్తొస్తాయి. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం ఆమె ‘చౌథీ కా జోడా’. పెళ్లయిన నాలుగో నాటి వేడుకకు కట్టే దుస్తులవి. మగదిక్కు లేని ఇల్లు. పెద్దపిల్ల కుబ్రాకు పెళ్లి కావాలి. పోలీసు శిక్షణ కోసం బంధువుల కుర్రాడు వచ్చి ఆ ఇంట్లో దిగుతాడు. నగలు ఒక్కొక్కటే అమ్మి అతనికి వడ్డిస్తారు. ఆడపిల్లలు మిగిలిన ఎండు రొట్టెలతో సరిపెట్టుకుంటారు. అతన్ని ప్రసన్నం చేసుకోవడానికి చెల్లెలు హమీదాను పెద్దవాళ్లే ముందుకు తోస్తారు. అతను ఆమెతో అనుచితంగా ప్రవర్తించి, చివరకు వేరే సంబంధం కుదిరిందని వెళ్లిపోతాడు. కుబ్రా క్షయతో చనిపోతుంది. ఎన్నో పెళ్లి బట్టలు కత్తిరించిన తల్లి, కూతురి కఫన్‌ను కూడా అదే నేర్పుతో కత్తిరిస్తుంది.

ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ‘ఆడదానికి ఆడదే శత్రువు’ అనే సామెత ఇక్కడ అతికించడం తేలిక. కానీ ఆ తల్లి చేతిలో ఉన్న అధికారం ఎంత? ఎవరికి ఎంత వడ్డించాలో నిర్ణయించేంత. పెళ్లి తప్ప ఆడపిల్లకు మరో బతుకు లేదని నిర్ణయించింది ఆమె కాదు. తాళంచెవులు ఆమె కొంగున ఉన్నా, ఇల్లు ఆమెది కాదు.

ఇక మన హైదరాబాదు కథ. వాజిదా తబస్సుమ్ (1935-2011) రాసిన ‘ఉతరన్’ అంటే విడిచిన బట్టలు. నవాబు ఇంట్లో పాలిచ్చి పెంచిన దాది కూతురు చమ్కీ, ఆ ఇంటి బిడ్డ విడిచిన బట్టలే కట్టుకుంటూ పెరుగుతుంది. అవమానం కడుపులో దాచుకుని, ఆ పెద్దింటి పిల్ల పెళ్లి నాటికి పగ తీర్చుకుంటుంది. ఆ పగకు పనిముట్టు కూడా పెళ్లికొడుకే కావడం, ఆమె గెలుపులో ఉన్న ఓటమి అని నాకనిపిస్తుంది. ఏమైనా ‘ఇంట్లో స్త్రీలు’ అన్నప్పుడు మనం ఎవరిని లెక్కలోకి తీసుకుంటున్నాం అని ఈ కథ నిలదీస్తుంది. 2005 గృహహింస చట్టం మాటలతో, డబ్బుతో పెట్టే హింసను కూడా హింసగానే గుర్తించింది. కానీ అది కుటుంబ సంబంధాలకే పరిమితం. ఇంట్లో పనిచేసే ఆమెకు దాని కింద రక్షణ లేదు. లైంగిక వేధింపుల విషయంలో ఇల్లు కూడా ఆమెకు పనిస్థలమేనని 2013 చట్టం ఒప్పుకుంది. మన ఇళ్లలో పనిచేసేవారికి ఆ సంగతి మనలో ఎందరం చెప్పాం?

ఇవి ముస్లిం ఇళ్ల బాధలు కదా అని ఒక సమావేశంలో ఒక మిత్రురాలు అంది. సుందర్‌లాల్, లాజవంతి హిందువులు. అదీగాక ఆ ఇళ్ల లోపలి సంగతులను బయటపెట్టిన ధైర్యం ఆ ఇళ్ల స్త్రీలదే. డాక్టరు రషీద్ జహాఁ కథ, నాటిక ఉన్న ‘అంగారే’ సంకలనం 1932లో వస్తే 1933లో ప్రభుత్వం నిషేధించింది. వాళ్లు తమ ఇంటిని తాము ప్రశ్నించుకున్నారు. మనం మన ఇంటిని ప్రశ్నించుకోవడమే వాళ్లను సరిగ్గా చదవడం.

కథలతో కేసులు నడుస్తాయా అని అడగవచ్చు. నడవవు. కానీ ఏం అడగాలో కథలు నేర్పుతాయి. మా రిజిస్టరులో ఇప్పుడు మరో మూడు ప్రశ్నలు చేర్చాం. ఇంట్లో నీ మాట ఎవరు వింటారు? నీ నగలు, నీ సంపాదన ఎవరి చేతిలో ఉన్నాయి? అందరూ తిన్నాక నీకు ఏం మిగులుతుంది? ‘పరిష్కారమైంది’ అని రాయడానికి ఇప్పుడు ఎక్కువ కాలం పడుతోంది. మూసిన ఫైళ్లు తగ్గాయని పైనుంచి అడుగుతున్నారు. అడగనివ్వండి. ఆ రోజు నన్ను ఆపిన ఆమె ఫైలును నేను మళ్లీ తెరిచాను.