గుళికలో దాగిన కొలత

గుళికలు అనగానే మా పాన్‌గల్ ప్రాంతపు రైతుకు వరి మడిలో చల్లే పురుగుమందు గుర్తుకు వస్తుంది; ఇంటి పెద్దలకు మందుబిళ్ళ గుర్తుకు వస్తుంది. యునానీ హకీములు మందుబిళ్ళను ‘హబ్బ్’ అంటారు. అరబీలో ఆ మాటకు అసలు అర్థం గింజ. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశంలో ఆవగింజను గూర్చి దివ్యఖుర్ఆన్ ప్రస్తావించిన చోట కూడా ఆ మాటే కనిపిస్తుంది. ఎంత చిన్న కర్మ అయినా అల్లాహ్ లెక్క నుండి తప్పిపోదని అక్కడి బోధ. నేటి విజ్ఞానశాస్త్రంలో గుళికకు గల స్థానాన్ని పరిశీలించినప్పుడు మాకు ఆ బోధయే స్ఫురించింది. వస్తువు చిన్నదే, దానిలోని కొలత మాత్రం చిన్నది కాదు.

పొడి ఎగిరిపోతుంది, అంటుకుపోతుంది, ఒకచోట ఎక్కువగా మరొకచోట తక్కువగా చేరుతుంది. అదే పొడిని సమాన పరిమాణంలో గుళికలుగా మలిస్తే కొలత స్థిరపడుతుంది. ఔషధాల తయారీలోనూ, ఇంధనాల తయారీలోనూ గుళికను ఆశ్రయించడానికి ఇదే ముఖ్య కారణం.

కడుపులో మంటకు వైద్యులు వ్రాసే ఒమెప్రజోల్‌ను తీసుకుందాం. అది ఆమ్లాన్ని తగ్గించే మందు. అయితే అదే ఆమ్లం తగిలితే తానే చెడిపోతుంది. అందుకని సన్నని చక్కెర పూసలపై మందును పొరగా పట్టించి, దానిపై ఆమ్లానికి కరగని మరొక పొరను కప్పుతారు. గుళిక జీర్ణాశయాన్ని క్షేమంగా దాటి చిన్న ప్రేగును చేరిన తరువాతనే ఆ పైపొర కరుగుతుంది. మరికొన్ని మందులలో గుళికల పొరలు మందును గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదల చేస్తాయి. పెద్ద బిళ్ళ పొర పగిలితే మోతాదంతా ఒక్కసారిగా బయటపడే ప్రమాదం ఉంది. అనేక గుళికలలో ఒకటి రెండు చెడినా అంతటి హాని కలుగదు.

ఈ సంగతి మన ఇళ్ళలో తెలిసి ఉండడం ఎంతో అవసరం. అమ్మమ్మ మింగలేకపోతున్నదని క్యాప్సూల్ విప్పి, లోపలి గుళికలను చెంచాతో నలిపి పాలలో కలిపి ఇచ్చే కోడళ్ళు, మనవరాళ్ళు ఉన్నారు. వారి సేవాభావం గొప్పది. కాని నలిపిన క్షణంలోనే రక్షణ పొర నశిస్తుంది. కొన్ని మందులు అలా చేస్తే పని చేయవు. కొన్ని రోజంతటి మోతాదును ఒకేసారి శరీరంలోకి వదిలి ప్రాణం మీదికి తెస్తాయి. మింగలేని రోగి ఉన్నప్పుడు వైద్యుని గాని, మందుల దుకాణంలోని ఫార్మసిస్టును గాని అడగాలి. ద్రవరూపంలో మరొక మందు ఉండవచ్చు.

క్యాప్సూల్ తొడుగు విషయంలో మరొక ప్రశ్న మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. సాధారణంగా ఆ తొడుగు జెలటిన్‌తో తయారవుతుంది. జెలటిన్‌ను పశువుల ఎముకల నుండి, చర్మాల నుండి తీస్తారు. మొక్కల పీచు నుండి చేసిన తొడుగులు కూడా నేడు లభిస్తున్నాయి. అవకాశం ఉన్నచోట వాటిని కోరడం మంచిది. జెలటిన్ విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయ భేదం ఉన్నందున సందేహం గలవారు తమ ముఫ్తీని సంప్రదించాలి. అంతవరకు అత్యవసరమైన మందును మానివేయడం గాని, తొడుగు పారవేసి గుళికలను నమలడం గాని సరికాదు. ప్రాణరక్షణ కూడా షరీఅత్ లక్ష్యమే.

రమజాన్‌లోనూ ఇదే జాగ్రత్త వహించాలి. రోజుకు ఒకసారి వేసుకునే మందులు రోజాదారులకు మేలు చేసేవే. అయినా మోతాదును సహర్‌కు, ఇఫ్తార్‌కు మార్చుకోవడం వైద్యునితో ముందుగా మాట్లాడి చేయవలసిన పని. రెండు పూటల మందును ఒకేసారి మింగడం తగదు. వ్యాధిగ్రస్తులకు అల్లాహ్ సడలింపు ఇచ్చాడు. దానిని స్వీకరించడం బలహీనత కాదు.

పరిశోధనశాలలో గుళిక సాక్షిగా కూడా నిలుస్తుంది. ఒకటి రెండు మిల్లీగ్రాముల మందును పొటాషియం బ్రోమైడ్ అనే లవణంలో కలిపి, గట్టిగా నొక్కి పారదర్శకమైన పలుచని బిళ్ళగా చేస్తారు. దాని గుండా పరారుణ కిరణాలను పంపితే లవణం అడ్డుపడదు. మందు మాత్రం తన నిర్మాణానికి తగిన కిరణాలను గ్రహిస్తుంది. ఆ గుర్తును బట్టి అది అసలు మందో కాదో తేలుస్తారు.

ఇంధనం విషయానికి వస్తే, హైదరాబాద్‌లో 1971లో ఏర్పడిన అణు ఇంధన సముదాయంలో యురేనియం డయాక్సైడ్ పొడిని గుళికలుగా నొక్కి, సుమారు 1700 డిగ్రీల వేడిలో గట్టిపరుస్తారు. వేలి కొనంత ఉండే ఒక్కొక్క గుళిక వందల కిలోల బొగ్గుకు సమానమైన శక్తినిస్తుంది. ఆ యురేనియం కోసమే మన పొరుగున ఉన్న నల్లమల వైపు చూపు మళ్ళినప్పుడు, అడవిని, నీటిని, చెంచుల జీవనాన్ని తలచి ప్రజలు ఆందోళన చెందారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. గుళిక ఇచ్చే వెలుగును లెక్కించేవారు, దాని కోసం భూమి చెల్లించే మూల్యాన్ని కూడా లెక్కించాలి.

మన పల్లెల్లో మరొక గుళికకు అవకాశం ఉంది. పల్లికాయ పొట్టు, పంట వ్యర్థాలను నొక్కి చేసిన గుళికలు బొగ్గుతోపాటు మండుతాయి. థర్మల్ కేంద్రాలు వాటిని బొగ్గులో కలపాలని కేంద్ర ప్రభుత్వం 2021 అక్టోబరులో నిర్దేశించింది. పొలంలో నిప్పుపెట్టి పొగ చేసే చెత్త కూడా ఆ విధంగా విలువను పొందగలదు. వృథా చేయకుండుట మన ధర్మమే కదా.

సృష్టిలోని ప్రతి వస్తువునకు అల్లాహ్ ఒక కొలతను నిర్ణయించాడు. మనిషి తన జ్ఞానంతో చేసే గుళిక ఆ కొలతను అనుసరించే చిన్న ప్రయత్నం. కొలతను కాపాడితే అది మందు, వెలుగు. కొలత తప్పితే అదే హాని. మనకు అప్పగించబడిన ప్రతి అమానత్‌ను, అది ఆవగింజంతదైనా, లెక్క తప్పకుండా కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.