పొగాకు కొనాలంటే 21 నిండాలి

ఎండాకాలం వచ్చిందంటే ములుగు అడవి పల్లెల్లో తునికాకు పని మొదలవుతుంది. తెల్లవారుజామునే అడవికి పోయి ఆకు తెంపడం, 50 ఆకులకో కట్ట కట్టి కల్లంలో అప్పజెప్పడం. ఆ ఆకే బీడీగా మారి మళ్లీ పల్లెల కిరాణా దుకాణాలకు చేరుతుంది. ఇంట్లో పెద్దాయన పదేళ్ల మనవణ్ని పిలిచి ‘బీడీ కట్ట పట్టుకురా బిడ్డా’ అంటాడు. పిల్లాడు అడుగుతాడు, దుకాణదారు ఇస్తాడు. ఇందులో తప్పేముందని అందరూ అనుకుంటారు.

చట్టం దృష్టిలో అది నేరం. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం 18 ఏళ్లలోపు వారికి అమ్మకాన్ని నిషేధించింది. కొనేవాడు మైనరు కాదని రుజువు చేసుకోవాల్సింది అమ్మినవాడే. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మనే కూడదు. ఇన్ని చెప్పి, ఉల్లంఘిస్తే వేసే జరిమానా మాత్రం 200 రూపాయలు దాటదు! బాలల న్యాయ చట్టంలో ఇదే తప్పుకు ఏడేళ్ల వరకు జైలు ఉన్నా, ఆ సంగతి ఎంతమంది దుకాణదారులకు తెలుసు?

ఫలితం కళ్లముందే ఉంది. 2019 జాతీయ సర్వేలో 13–15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది పొగాకు వాడుతున్నట్టు తేలింది. బీడీ రుచి చూసిన పిల్లల్లో దాదాపు సగం మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు.

పొగాకు కొనే వయసును 21కి పెంచాలనడానికి బలమైన కారణం ఉంది. పదో తరగతి కుర్రాడికి సిగరెట్ తరచూ అందేది ఇంటర్, డిగ్రీ చదివే అన్నల చేతుల మీదుగానే. 18 నిండినవాడు అదే జట్టులో తిరుగుతాడు, 21 దాటినవాడు అంతగా తిరగడు. వయసు పెంచితే ఎక్కువ మేలు జరిగేది 15–17 ఏళ్ల వారికేనని అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లోనే చెప్పింది. 2019 డిసెంబరులో ఆ దేశం 21 చేసింది. శ్రీలంక అంతకు చాలా ముందే చేసింది.

ఓటు వేసే వయసులో సిగరెట్ ఎందుకు కొనకూడదని కొందరి వాదన. మద్యం కొనడానికి తెలంగాణలో ఇప్పటికే 21 నిండాలి. మద్యానికి లేని అభ్యంతరం పొగాకుకు ఎందుకు?

దీంతోపాటు విడి సిగరెట్ల అమ్మకం ఆగాలి. పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో కూడిన హెచ్చరిక వేయించారు. పాన్ డబ్బా దగ్గర ఒక్క సిగరెట్ కొని, అక్కడే తాడుకు వేలాడే లైటరుతో వెలిగించుకునే కుర్రాడికి ఆ బొమ్మ కనిపించేదెక్కడ? పెట్టె మొత్తం కొనాలంటే జేబులో డబ్బు చాలదు, ఒక్కటైతే చాలుతుంది. వ్యసనానికి దారి ఇదే.

కేంద్రం 2020లో ఈ రెండు మార్పులతో ముసాయిదా బిల్లు తెచ్చి, అక్కడే ఆపేసింది. కర్ణాటక ఆగలేదు. సొంత సవరణకు రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుని 2025లో వయసును 21 చేసింది, విడి అమ్మకాన్ని నిషేధించింది. తెలంగాణకూ దారి తెలియనిది కాదు. హుక్కా కేంద్రాల నిషేధానికి 2024లో ఇదే చట్టాన్ని సవరించింది.

2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి రాకపోకలు పెరిగాయి. బడి పిల్లల బస్సులూ వస్తాయి. చట్టం మారేలోగా గుడి పరిసరాల దుకాణాల్లో ఇప్పుడున్న 18 ఏళ్ల నిబంధననైనా అధికారులు గట్టిగా అమలు చేసి చూపాలి. ములుగు ఎమ్మెల్యే సీతక్క మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి కూడా. 21 ఏళ్ల నిబంధన, విడి అమ్మకాల నిషేధం, 200 రూపాయలకు బదులు భయపెట్టే జరిమానాతో సవరణ బిల్లు శాసనసభకు వచ్చేలా ఆమె చొరవ తీసుకోవాలి.