ఇంటి సినిమా, పొరుగు యాప్

తడ దాటితే తమిళనాడు. ఇక్కడి ఫోన్లలో ప్రభాస్ సినిమా ఆడాలి, విజయ్ సినిమా కూడా ఆడాలి. పక్కనే సూళ్లూరుపేటలో 2019లో ‘సాహో’తో తెరుచుకున్న వి ఎపిక్ థియేటర్ తెర వెడల్పు వంద అడుగుల పైమాటే. అంత తెర అలవాటైన ప్రేక్షకుడు అరచేతిలో కూడా పెద్ద సినిమానే అడుగుతాడు. ‘ఆహా’కు వచ్చిన చిక్కు అదే.

అల్లు అరవింద్, మై హోమ్ గ్రూప్ కలిసి 2020 ఉగాదికి ప్రారంభించిన ఈ ఓటీటీ అచ్చంగా తెలుగువాళ్లది. అప్పట్లో ఏడాది చందా 365 రూపాయలు, అంటే రోజుకో రూపాయి. దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది కూడా ఆ ఉగాది నాడే. థియేటర్లు మూత, జనమంతా ఇళ్లలో. ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ పంతులూ పెట్టలేడు! ఆ అక్టోబరులో వచ్చిన ‘కలర్ ఫోటో’ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది.

మరి పెద్ద సినిమాలేవి? ‘పుష్ప’ మొదటి భాగం 2022 జనవరిలో ప్రైమ్ వీడియోలో వచ్చింది, రెండోది 2025 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో. హీరో అరవింద్ గారబ్బాయే. పోనీ, అది మైత్రీ అనే వేరే నిర్మాణ సంస్థ సినిమా అనుకుందాం. స్వయంగా అరవింద్ సమర్పించిన ‘తండేల్’ కూడా నెట్‌ఫ్లిక్స్‌కే వెళ్లింది. ఇందులో తప్పు పట్టడానికేం లేదు, నిర్మాత ఎక్కువ ధర ఇచ్చినవాడికే అమ్ముతాడు. నెట్‌ఫ్లిక్స్ ఒక తెలుగు సినిమా కొంటే దాన్ని నాలుగైదు భాషల్లో, 190 దేశాల్లో చూపించి పెట్టుబడి రాబట్టుకోగలదు. ఆహాకు మాత్రం తెలుగు చందాదారే దిక్కు. 2022లో తమిళంలోకీ వెళ్లింది కానీ, అక్కడ సన్ నెక్స్ట్ వెనక సన్ టీవీ సినిమాల భోషాణమే ఉంది.

రీఛార్జ్ దెబ్బ సరేసరి. మొబైల్ ప్యాక్‌తోపాటే ఓటీటీలు కలిసొస్తుంటే, విడిగా ఇంకో చందా కట్టేవాళ్లు ఎందరుంటారు? 2023లో జియోసినిమా ఐపీఎల్‌నే ఉచితంగా చూపించింది.

అయినా ఆహా ఒకచోట గట్టిగా గెలిచింది. 2022 డిసెంబరు చివర బాలకృష్ణ నడిపే టాక్ షో ‘అన్‌స్టాపబుల్’లో ప్రభాస్ ఎపిసోడ్ వచ్చిన రాత్రి, ఎగబడిన అభిమానుల తాకిడికి యాప్ కుప్పకూలింది. వాళ్లు వచ్చింది ఏ కోట్ల సినిమా కోసమో కాదు, మరెక్కడా దొరకని కబుర్ల కోసం. ఆ రద్దీని తట్టుకునే ఏర్పాటు ముందే ఉండాల్సింది. అంతకన్నా ముఖ్యంగా, ఆ షో అయ్యాక చూడ్డానికి మరో నాలుగైనా అలాంటివి ఉండాల్సింది. కబుర్లు అయిపోయాక చందా పొడిగించుకోవడానికి కారణమేముంది?

పెద్ద సినిమా లేకుండానే జనాన్ని రప్పించే కిటుకును ఈటీవీ వాళ్ల ఓటీటీ ‘ఈటీవీ విన్’ పట్టుకుంది. 2024 సంక్రాంతి ముందు వచ్చిన ‘90’స్’ సిరీస్‌లో స్టార్ హీరో లేడు. లెక్కల మాస్టారైన తండ్రి, పొదుపుగా సాగే ఇల్లు, పిల్లల మార్కుల గొడవ, అంతే. అదే సంస్థ తీసిన ‘లిటిల్ హార్ట్స్’ 2025 సెప్టెంబరులో ముందు థియేటర్లలో ఆడి, ఆ తర్వాతే సొంత యాప్‌లోకి వచ్చింది.