కొండ మీద గది కోసం కొండనే అమ్మాలా?

డిసెంబరు చలి మొదలైతే చాలు, అమలాపురం, రాజోలు, కొత్తపేటల నుంచి కుటుంబాలకు కుటుంబాలు కార్లలో కొండదారి పడతాయి. కొందరు గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి, కొందరు నర్సీపట్నం మీదుగా లంబసింగికి, ఇంకొందరు అరకుకి. నెల ముందే ఫోన్లు చేసినా గదులు దొరకవు. దొరికిన గదికి అద్దె ఎక్కువ, వసతి తక్కువ. తిరిగొచ్చాక అందరి నోటా ఒకటే మాట: "ఆ 1/70 చట్టం ఉన్నన్నాళ్లూ ఏజెన్సీ బాగుపడదు. బయటివాళ్లని భూములు కొననిస్తే రిసార్టులు వస్తాయి. మనకి గదులు, గిరిజనులకి ఉద్యోగాలు."

ఈ మాట అరుగుల దగ్గరే ఆగిపోలేదు. 2025 జనవరి చివర్లో విశాఖలో జరిగిన పర్యాటక సదస్సులో శాసనసభ స్పీకర్ అయ్యన్నపాత్రుడు పర్యాటకం కోసం ఈ చట్టాన్ని సవరించాలన్న అర్థంలో మాట్లాడారు. మన్యం భగ్గుమంది. ఫిబ్రవరిలో గిరిజన సంఘాలు బంద్ చేశాయి. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రకటించాక గానీ ఆ వేడి చల్లారలేదు. ప్రభుత్వం వెనక్కి తగ్గినా మన మైదానపు మనసుల్లో ఆ అభిప్రాయం అలాగే ఉంది. అది తప్పుడు అభిప్రాయం. మన సెలవుల సరదా కోసం ఇంకొకరి కాళ్ల కింద నేల అడగడం అన్యాయం.

అసలు ఆ చట్టం ఎందుకొచ్చింది? మైదానం నుంచి వెళ్లిన షావుకార్లు ఉప్పుకీ బట్టకీ అప్పులిచ్చి, వడ్డీకి వడ్డీ కట్టి, చివరికి పొలాలు రాయించుకున్నారు. దాన్ని ఆపడానికే 1959లో షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలు చేశారు. వాటిలో సందులు మిగిలితే 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్‌తో బిగించారు, 1/70 అంటే అదే. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదన్నారు. 1997 జులైలో సుప్రీంకోర్టు సమత కేసులో ఇంకో మెట్టు పైకి వెళ్లింది. మనం బొర్రా గుహలు చూడ్డానికి వెళ్లే అనంతగిరి మండలంలోనే గిరిజనేతరులకు ఇచ్చిన గని లీజుల మీద వచ్చిన వివాదం అది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడానికి సర్కారుకు హక్కు లేదని కోర్టు తేల్చింది.

ఈ చట్టాల వెనక నెత్తురుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే ఘాట్ రోడ్డు మీద మన కార్లు ఈరోజు హాయిగా వెళుతున్నాయి. బ్రిటిష్ కాలంలో ఆ దారి పనుల కోసం బాస్టియన్ అనే తహసీల్దారు మన్యం జనం చేత వెట్టి చేయించాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం పడటానికి ఆ వెట్టి కూడా ఒక కారణం. ఆ మహావీరుడి విగ్రహానికి దండ వేసి ఆయన ఎవరి కోసం ప్రాణమిచ్చాడో వాళ్ల నేల మీద కన్ను వేయడం ఏం న్యాయం?

"ఉద్యోగాలొస్తాయి కదా" అంటారు. మారేడుమిల్లి రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాల్చే చోట కాసేపు నిలబడి చూడండి. పచ్చి వెదురుని కణుపు దగ్గర కోసి, ఉప్పూ కారం మసాలా పట్టించిన కోడిమాంసాన్ని నూనె చుక్క లేకుండా అందులో కూరి, మూతికి ఆకు బిగిస్తారు. నిప్పుల మీద ఆ గొట్టాన్ని ఆపకుండా తిప్పుతూ ఉండాలి. బొంగు పైన నల్లబడాలి, లోపల ముక్క మాడకూడదు. ఆ కొలత చేతికే తెలుస్తుంది. ఆ పొయ్యి సొంతదైతే గొట్టం అమ్మిన డబ్బు ఆ ఇంటికే చేరుతుంది. అదే మనిషి రేపు ఎవరిదో రిసార్టు వంటింట్లో అదే గొట్టం తిప్పితే చేతికొచ్చేది నెల జీతం, అదీ సీజనున్నంత కాలమే. మిగతాదంతా మైదానానికి దిగిపోతుంది. సొంత కొండ మీద యజమానిగా ఉన్నవాణ్ణి వాచ్‌మన్ని చేసి, దానికి అభివృద్ధి అని పేరు పెట్టడం తగదు.

"మరి రోడ్డు లేదు, ఆసుపత్రి లేదు, సిగ్నల్ లేదు" అని ఇంకో వాదన. నిజమే, నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్లు మన్యంలో ఇప్పటికీ ఉన్నాయి. అయితే రోడ్డు వేయడానికీ డాక్టర్ని నియమించడానికీ 1/70 ఎక్కడ అడ్డొచ్చింది? అది సర్కారు చేయాల్సిన పని. సర్కారు బాకీని గిరిజనుల భూమితో తీర్చమనడం కుదరదు.

భూమి చేతిలో ఉంచుకునే ఎదగవచ్చని మన్యమే చూపించింది. అరకు కాఫీ పండించేది చిన్న చిన్న గిరిజన రైతులు. 2017లో ఆ పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ల తోటలు ఎవరూ కొనకుండానే అది జరిగింది. మారేడుమిల్లిలో అటవీశాఖ తోడ్పాటుతో వన సంరక్షణ సమితులు విడిది గృహాలు నడుపుతున్నాయి. గిరిజనుడు తన ఇంటి పక్కన రెండు గదులు కట్టి అద్దెకివ్వడాన్ని ఏ చట్టమూ కాదనదు. అతనికి లేనిది పెట్టుబడి. ఆ లోటు చూసుకునే మైదానపు డబ్బు అతని పేరు మీద బినామీగా కొండెక్కుతోంది. చట్టాన్ని సడలిస్తే ఈరోజు దొడ్డిదారిన జరిగేది రేపు రాజమార్గం అవుతుంది.

అలా జరిగితే ఏమవుతుందో చూడాలంటే కేరళ వెళ్లండి. అన్యాక్రాంతమైన ఆదివాసుల భూముల్ని తిరిగి ఇప్పించడానికి అక్కడ 1975లోనే చట్టం చేశారు, అమలు మాత్రం చేయలేదు. ఈరోజు వయనాడ్ కొండల నిండా రిసార్టులే. ఆ జిల్లాలోనే గుంట భూమి కోసం ఆదివాసులు 2003లో ముత్తంగ అడవిలో గుడిసెలు వేసుకుంటే పోలీసు కాల్పులు ఎదురయ్యాయి.

సొంత నేల ఇంకొకరికి లాభమై మనకి నష్టమైతే ఎలా ఉంటుందో మన కోనసీమకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. మన నేల కింద గ్యాస్ ఉంది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. "గ్యాస్ మాది, మంటలు మాకా?" అని మనం నిలదీశాం, నిలదీయడం న్యాయమే. వనరు ఉన్నవాడికి కష్టం, లేనివాడికి లాభం అన్న లెక్క మనకి ఎంత చేదో, మన్యానికీ అంతే చేదు. రేపెవరో వచ్చి, కోనసీమ అందంగా ఉంది, హోటళ్లు చాలడం లేదు, మీ కొబ్బరితోటలు మాకు రాసేయండి అంటే ఒప్పుకుంటామా?

ఏజెన్సీలో తరాలుగా ఉంటున్న గిరిజనేతర పేదలకూ ఇబ్బందులున్నాయి. వాటికి విడిగా దారి వెతకవచ్చు. దానికి మొత్తం కంచె పీకనక్కర్లేదు.

కాబట్టి కొండకి వెళ్లే ప్రతి కుటుంబానికీ నా విన్నపం. గది బుక్ చేసేముందు అది ఎవరిదో, డబ్బు ఎవరి చేతికి వెళుతుందో అడగండి. గిరిజనుల ఇంట్లో, సమితుల విడిదిలో దిగండి. వేడినీళ్లు ఆలస్యమైతే ఓర్చుకోండి. తాగిన సీసాలు మీ కారులోనే దింపుకురండి. ప్రభుత్వాన్ని అడగాల్సింది చట్టం సడలించమని కాదు, గదులు కట్టుకునే గిరిజన కుటుంబాలకు తక్కువ వడ్డీకి అప్పు, శిక్షణ, ఊరికి నీళ్లు, రోడ్డు ఇవ్వమని. కొండ మీద మనం అతిథులం. 1/70 ఉండాలి, ఇంకా గట్టిగా అమలు కావాలి.