ఎన్ని చినుకులకు హెచ్చరిక?

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకొనే విద్యార్థికి తొలి అభ్యాసంగా ఎక్కాల పట్టికలూ, వడ్డీ లెక్కలూ ఇవ్వడం చిరకాలంగా ఉన్న ఆచారం. వాటికంటె, వాన రాకను ముందుగా తెరపై తెలిపే చిన్న ప్రోగ్రాము మేలైనది. ఎక్కం తప్పితే దిద్దుకొంటే సరిపోతుంది. ఇక్కడ లెక్క తప్పితే ఎవరి కష్టమో తడిసిపోతుంది.

నిర్మాణం కష్టమైనది కాదు. పైథాన్ భాషలో నలభై యాభై పంక్తులు చాలును. ఊరి అక్షాంశ రేఖాంశాలను తెలిపి ఓపెన్-మెటియో వంటి ఉచిత సేవను ఇంటర్నెట్ ద్వారా అడిగితే, రాబోవు గంటలలో ఉష్ణోగ్రత, వర్షపాతం, గాలివేగం ఎంత ఉండగలవో జేసన్ అనే పద్ధతిలో, పేరూ విలువా జతలుగా సమాధానం వస్తుంది. (సమయాన్ని గ్రీనిచ్ లెక్కన తీసుకొని, అయిదున్నర గంటలు వెనుకబడడం తొలి ప్రయత్నంలో తరచుగా జరిగే పొరపాటు.) అందులోని వర్షపాతాన్ని ముందుగా నిర్ణయించుకొన్న ఒక సంఖ్యతో పోల్చి, అది మించినచో తెర మూలన ప్రకటన కనబడేటట్లు చేయాలి. అరగంటకొకసారి ఈ పని తిరిగి జరగాలి. ఇంతవరకు పుస్తకం చూచి ఎత్తివ్రాయవచ్చును. నేటి విద్యార్థి కృత్రిమ మేధను అడిగి క్షణంలో వ్రాయించుకొనవచ్చును కూడా. అసలు చదువు ఆ 'ఒక సంఖ్య' వద్ద మొదలవుతుంది.

భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు కురిస్తే భారీ వర్షం, 115.6 నుండి అతిభారీ వర్షం. విద్యార్థి ఆ 64.5నే హద్దుగా పెట్టుకోవడం సహజం. నగరంలో పల్లపు వీధివారికి అది సరిపోవచ్చును. గుంటూరు ప్రాంతంలో కల్లంలో మిరపకాయలు ఆరబోసుకొన్న రైతు సంగతి వేరు. కాయ రంగు మారి, బూజు పట్టి, ధర పడిపోవడానికి చిన్న జల్లు చాలును. అరవై నాలుగు మిల్లీమీటర్ల దాకా నోరు మెదపని ప్రోగ్రాము ఆ ఇంట ఉన్నా లేనట్లే. పోనీ, హద్దును ఒక మిల్లీమీటరుకు తగ్గిస్తే? కురవని వానకు రోజూ హెచ్చరిక వస్తుంది. బరకాలు కప్పి, తీసి విసిగిన తండ్రి నాలుగవనాడు దానిని ఆపివేయమంటాడు. అయిదవనాడు నిజంగానే వాన పడుతుంది. 'నాన్నా! పులి' కథ ఇదే కదా! అందుచేత వాన పడే అవకాశం ఎంత శాతమో చూడాలి. కాయలు కుప్పచేసి కప్పడానికి ఎంతసేపు పడుతుందో ఇంట్లోవారిని అడగాలి. ఈ రెండవది ఏ సేవా చెప్పదు.

కౌటిల్యుని అర్థశాస్త్రం వాన కొలిచేందుకు ధాన్యాగారం వద్ద మూరెడు వెడల్పు గల పాత్రను ఉంచమన్నది. అంతటితో ఆగక, పడిన వానను బట్టి ఎక్కువ నీటి పైరు వేయాలో, తక్కువ నీటి పైరు వేయాలో నిర్ణయించుకొమ్మన్నది.

మొదట భాష పట్టుబడనీ, హద్దుల చర్చ తరువాత చూడవచ్చుననే అధ్యాపకులున్నారు. ఆ 'తరువాత' పాఠ్యప్రణాళికలో ఎక్కడా రాదు.

ఇంకొక చిక్కు మౌనం. తెరపై ఏమీ కనబడలేదంటే వాన లేదనా, ఇంటర్నెట్ తెగిపోయిందనా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినపుడు విద్యుత్తూ, టెలిఫోన్లూ స్తంభించిపోయాయి. గాలివాన ముదిరినపుడే ఇటువంటి ప్రోగ్రాముకు కళ్లు పోతాయి. కనుక చివరి సమాచారం ఎన్ని గంటలకు అందినదో తెరపై ఎల్లప్పుడూ కనబడాలి. అందనపుడు 'సమాచారం లేదు' అని ప్రోగ్రామే ఒప్పుకోవాలి. తుపాను, పిడుగు వంటి ప్రాణాపాయాలలో వాతావరణ శాఖ ఇచ్చే పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలే ప్రమాణం. విద్యార్థి ప్రోగ్రాము వాటికి బదులు కాజాలదు.

ఇచ్చిన హెచ్చరికలనూ, నిజంగా పడిన వాననూ ఒక నెల పాటు పక్కపక్కన వ్రాసి ఉంచితే హద్దును మార్చాలో వద్దో ఆ పట్టికయే చెబుతుంది. ప్రయోగ పరీక్షలో మార్కులు వేసేవారు ప్రోగ్రాము నడిచినదని తృప్తిపడి పుస్తకం మూయక, ఆ పట్టికను తీయించి చూడాలి.